ఉబ్బు గీతలు, గుంట గీతలు

పనిమంతురాలని పేరు తెచ్చుకోవాలని కొత్త కోడలు నళినికి మహా ఉబలాటం. ఆ ఉబలాటమే ఆమె కొంప ముంచింది.

హోసూరులోని ఆ ఇంట్లో గురువారం సాయంత్రం పూజసామాను తోముతారు. నళిని కుందులు, గంట, హారతి పళ్లెంతో ఆగకుండా, అమ్మవారి ముందున్న చిల్లర నాణేలను కూడా చింతపండు, బూడిద పెట్టి చేతులు నొప్పి పుట్టేదాకా రుద్దింది. ఆ చిల్లరలో మామ నారాయణప్ప ప్రాణంగా చూసుకునే పాత రూపాయి ఒకటుంది. నాణేలు తయారుచేసే మింటులో, అచ్చు మీద పడ్డ గీతలు నాణెం మీదికి దిగిన రూపాయి అది. ఆదివారం కృష్ణగిరిలో నాణేలు సేకరించేవాళ్ల కూటంలో దాని గురించి మాట్లాడమని ఆయనను మొదటిసారి పిలిచారు. అందుకే ముందుగా అమ్మవారి దగ్గర పెట్టాడు.

శుక్రవారం పొద్దున తీసి చూస్తే రూపాయి తళతళా మెరుస్తోంది. దాని నిండా గీతలే.

"ఎవరు తోమినారు దీన్ని?"

"నేనే మామా. చిల్లరనుకొని తోమేసినాను."

ఆయన రూపాయిని గుడ్డలో చుట్టుకొని లోపలికి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది నళినికి. ఈ ఇంట్లో ఇక తన చేతికి ఏదీ ఇవ్వరేమోనని బెంగపడి అన్నం కూడా సరిగా తినలేదు.

"అన్నీ మింటులోనే పడినాయని చెప్పెయ్. ఆడ ఎవరికి తెలుస్తుంది?" అంది అత్త నాంచారమ్మ.

"ఆడికొచ్చేవాళ్లంతా భూతద్దాలు పట్టుకొనే వస్తారు," అన్నాడాయన విసుగ్గా.

శనివారం ఆయనే నళినిని కిటికీ దగ్గరికి పిలిచి భూతద్దం చేతికిచ్చాడు. "నా కండ్లకి సన్నగీతలు ఆనేది లేదు. నువ్వు చూడమ్మా. అచ్చు మీద గీత పడితే నాణెం మీద ఉబ్బుగా వస్తుంది. నాణెం మీదే గీస్తే గుంట పడుతుంది."

ఫ్యాక్టరీ టూల్ రూములో అచ్చులను నున్నగా చేసే గరుకు ఎమరీ కాగితం రుద్దీ రుద్దీ జీవితం గడిపిన మనిషి ఆయన. నళిని నాణేన్ని వెలుగుకు వంచి చూసింది.

"ఉబ్బుగీతలన్నీ ఏటవాలుగా ఒకే పక్కకు పోతున్నాయి మామా. ‘1’ అంకె దగ్గర ఆగి, మళ్లీ అవతల మొదలైనాయి. అంకె మీద లేవు."

"అచ్చులో అంకె లోతుగా ఉంటుంది. పైన రుద్దితే లోపలికి తగల్దు. అచ్చు మీద మచ్చేదో కనబడి మింటులో ఎవరో రుద్దినారు."

మిగిలిన గీతలు సన్నగా, గుండ్రంగా, అంకె మీదికి కూడా ఎక్కి ఉన్నాయి. అన్నీ గుంటలే. "ఇవి నావి," అంది నళిని చిన్నగా. ఆయన తల ఊపాడు.

ఆదివారం ఆమెను కూడా బస్సెక్కించాడు. కృష్ణగిరిలో కూటం పెద్ద ఈశ్వరప్రసాద్ నాణెం చూడగానే మొహం చిట్లించాడు. "ఎవరప్పా దీన్ని పాడు చేసింది?"

మామ నోరు తెరిచేలోపు నళినే లేచింది. "నేనేనండీ. గుంటగీతలు నావి, ఉబ్బుగీతలు మింటువి. రెండూ వేరుగా కనిపిస్తాయి, చూడండి."

ఈశ్వరప్రసాద్ భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. "రెండూ ఒకే నాణెం మీద ఉండేది నేనూ ఇప్పుడే చూస్తాండాను. కొత్తవాళ్లకు తేడా చూపించేదానికి ఇంతకంటే ఏం కావల్ల? నారాయణప్పా, నువ్వే చెప్పు."

నారాయణప్ప వెళ్లి వెనక వరుసలో కూర్చున్నాడు.

"మా కోడలు చెప్తుందప్పా," అన్నాడు. "నా రూపాయి ఆమె చేతికే ఇయ్యండి."