నూట డెబ్బై రెండో పేజీ

యూనివర్సిటీ ఆఫీసులో థీసిస్ నా బల్ల మీదికి వస్తే నేను చూసేది మార్జిను. ఎడమవైపు ఒకటిన్నర అంగుళం ఉండాలి. స్కేలు పెట్టి మరీ కొలుస్తాను. లోపల ఏముందో చూడడానికి పెద్దవాళ్ళున్నారు. వాళ్ళు చూస్తారనే పదహారేళ్ళుగా నమ్ముతూ వచ్చాను.

ఈమధ్య ఒక అమ్మాయి థీసిస్ వచ్చింది, ఎదుటివాళ్ళని ఒప్పించడం ఎలా అన్నదాని మీద. అదే విషయం మీద ఆమె గైడు ముప్పయ్యేళ్ళ కిందట రాసిన పుస్తకం ఇప్పటికీ పాఠంగా ఉంది. జనం ఆధారాన్ని చూసి నమ్మరు, చెప్పే మనిషిని చూసి నమ్ముతారు అన్నది ఆయన సిద్ధాంతం. ఈ పిల్ల ఆయన దగ్గరే చేరి, కాదు, ఆధారం గట్టిదైతే చెప్పేది ఎవరైనా వింటారని రాసింది. తిన్నింటి వాసాలు లెక్కపెడుతోందని స్టాఫ్ రూంలో చెవులు కొరుక్కున్నారు. గైడు మాత్రం ఒక్క షరతే పెట్టాడు. పూర్వపక్షం సరిగ్గా రాయాలి. అంటే, ఖండించే ముందు ఎదుటివాడి వాదాన్ని వాడికన్నా బాగా చెప్పాలి. థీసిస్‌లో మొదటి సగమంతా ఆమె గైడు వాదమే చెప్పింది. ఖండన నూట డెబ్బై రెండో పేజీలో మొదలవుతుంది.

ఆమెకి ఒక కాలేజీలో ఉద్యోగం ఖాయమైంది. నెలాఖరులోగా డిగ్రీ చూపించకపోతే అది ఇంకొకరికి పోతుంది. మౌఖిక పరీక్ష రోజున వాళ్ళమ్మ వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది.

పరీక్షకుడు పేరున్నవాడు. తిరుగు రైలు టికెట్టు జేబులో పెట్టుకుని వచ్చాడు. కూర్చోగానే పొగడ్త అందుకున్నాడు. చెప్పే మనిషే ముఖ్యమని ఇంత బాగా నిరూపించినవాళ్ళు లేరన్నాడు, గురువుకు తగ్గ శిష్యురాలన్నాడు. ఆయన చదవడం సగంలోనే ఆపేశాడని మినిట్స్ రాస్తున్న నాకే అర్థమైంది. నోరు మెదపకుంటే డిగ్రీ చేతికొస్తుంది. ఊరుకో తల్లీ, అనుకున్నాను సిగ్గులేకుండా.

ఆమె గ్లాసులో నీళ్ళన్నీ తాగింది.

"సార్, మీరు మెచ్చుకున్నది నా వాదం కాదండీ. నేను ఖండించింది దాన్నే. నూట డెబ్బై రెండో పేజీ చూడండి."

పరీక్షకుడి మొహం మాడిపోయింది. రాతలో స్పష్టత లేదని, తిరగరాసి ఆరు నెలల తరువాత ఇవ్వమని అన్నాడు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. నాకు ఒళ్ళు మండింది.

అప్పుడు గైడు నోరు విప్పాడు. "ఆ వాదం నాదండీ. ఇంత బాగా నేనే చెప్పలేకపోయాను. ఆమె ఖండన మూడుసార్లు చదివాను. నా దగ్గర జవాబు లేదు."

"మీరంతటివారే అంటే ఇంక చదివేదేముంది" అని పరీక్షకుడు సంతకం పెట్టేశాడు. పేజీ తిప్పనైనా తిప్పలేదు.

వరండాలో తల్లి కూతుర్ని పట్టుకుని ఏడ్చింది. కూతురి మొహంలో మాత్రం సంతోషం లేదు. గైడు బయటికి రాగానే ఆపింది.

"ఆయన ఆధారం చూడలేదు సార్. మిమ్మల్ని చూసి సంతకం పెట్టారు. అంటే మీ పుస్తకమే నిజమన్నట్టేగా?"

ఒక్క ఉదాహరణతో ఏదీ రుజువు కాదమ్మా అని ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆ మాట అంటూ లోలోపల కాస్త మురిసిపోయాడని నాకు తోచింది. ఎంతైనా మనిషే కదా.

లైబ్రరీకి పంపే ప్రతికి కూడా మార్జిను కొలవాలి. మర్నాడు అందుకే తీశాను. స్కేలు పక్కన పెట్టి నూట డెబ్బై రెండో పేజీ దగ్గర చదవడం మొదలుపెడితే భోజనం వేళ దాటిపోయింది.

సర్టిఫికెట్టు కోసం ఆమె వచ్చినప్పుడు చెప్పాను. "చదివానమ్మా. సగమే అర్థమైంది. ఆ సగం రాసింది ఎవరో తెలియకపోయినా నమ్మేవాణ్ణి."

ఆమె సర్టిఫికెట్టు వైపు చూడనేలేదు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"ఏ సగం అర్థం కాలేదు, అన్నా?" అని అడిగింది.