పైన మిగిలిన ఇసుక

నేను ఒక ఇసుక జల్లెడను. పిండి జల్లెడకూ నాకూ చుట్టరికం కలపకండి. అది వంటింట్లో నీడపట్టున కూర్చుంటుంది, నేను ఎండలో పనిచేస్తాను. గుడివాడలో ఒక షెడ్డులో నాలుగు చెక్కలకు ఇనప వల బిగించి నన్ను తయారుచేశారు. మేకులు కొడుతున్నంతసేపూ ఆ మనిషి ఫోనులో ఎవరితోనో పోట్లాడుతూనే ఉన్నాడు. అందుకే కాబోలు, నాకు పుట్టుకతోనే కాస్త నోటిదురుసు.

మొదట నన్ను కొన్నది ఒక తాపీ మేస్త్రి. గోడల పూతకు ఆయన పెట్టింది పేరు. నాలోంచి కిందికి జారిన మెత్తటి ఇసుక సిమెంటులో కలిసి గోడెక్కేది. పైన మిగిలిన గరుకు ఇసుకా గులకరాళ్ళూ రోడ్డు పక్కకు పోయేవి. మెత్తనిది మంచిది, గరుకుది చెత్త. నా చదువంతా ఇంతే. ఇళ్ళవాళ్ళు గోడ నిమిరి "అద్దంలా ఉందయ్యా" అని మేస్త్రిని మెచ్చుకునేవారు. నన్ను మెచ్చుకున్నవాడు ఒక్కడూ లేడు. మనుషులంతే.

మోకాళ్ళు పట్టేసి పని మానుకుంటూ, మేస్త్రి నన్ను తన దగ్గర ఇసుక జల్లించే పైడితల్లికి ఇచ్చేశాడు. ఆవిడది శ్రీకాకుళం వైపు. పని ఎక్కడ దొరికితే అక్కడికి కూతురు నీలవేణినీ, బియ్యం మూటనూ, నన్నూ వెంటబెట్టుకుని పోయేది. అలా కొల్లేటికి దగ్గర్లో ఒక ఊరు చేరాం. అక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్ళే. కాలవ నీళ్ళు చెరువులో నిల్వ చేసుకుని తాగుతారు. ఆ నీళ్ళు వడగట్టడానికి బడి పక్కనే కొత్తగా ఫిల్టర్ బెడ్ కడుతున్నారు. నీలవేణిని ఆ బళ్ళోనే నాలుగో తరగతిలో చేర్చింది పైడితల్లి. తల్లి పనికీ కూతురి చదువుకీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే.

చేరిన రోజున ఆ పిల్ల "ఏటి టీచర్?" అన్నదట. క్లాసంతా పకపకా నవ్విందట. వారం తిరక్కుండా నీలవేణి "ఏంటండీ" అనడం నేర్చేసుకుంది. గోడవతల తట్ట మోసే మనిషి తన తల్లని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆటల బెల్లు కొట్టినా ఇటువైపు కన్నెత్తి చూసేది కాదు. పైడితల్లికి సంగతి అర్థమైంది, తన పని తాను చేసుకుపోయింది. నాకైతే ఒళ్ళు మండిపోయింది. వీపు మీద ఒక్కటి వెయ్యక ఏమిటీ ఊరుకోవడం అనుకున్నాను.

ఒకరోజు సుభాషిణి టీచరు పిల్లల్ని వరస కట్టించి పని చూపించడానికి తీసుకొచ్చింది. "అడుగున పెద్ద రాళ్ళు, వాటి మీద కంకర, పైన ఇసుక. చెరువు నీళ్ళు పైన వదిలితే మెల్లగా దిగుతాయి, మురికి ఇసుకలో ఆగిపోతుంది. ఆ తర్వాత బ్లీచింగ్ కలిపి ట్యాంకుకు ఎక్కిస్తారు" అని చెప్పింది. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. పైడితల్లి చెంగు ముఖం మీదికి లాక్కుని, అటు తిరిగి కూర్చుని గోడల పూత ఇసుక కోసం నన్ను ఊపసాగింది. తనవల్ల కూతురికి తలవంపులు రాకూడదని. నీలవేణి అందరికంటే వెనక నిలబడి తన చెప్పుల వంకే చూసుకుంది.

"మనమూ ఒకటి చేద్దాం. శుక్రవారం మీ అమ్మానాన్నలకు చూపిద్దాం" అంది టీచరు. వాళ్ళను పిలవమని తలా ఒక చీటీ ఇచ్చింది. నీలవేణి చీటీ సంచిలోనే ఉండిపోయింది.

పాత వాటర్ టిన్ను అడుగు కోసి, తలకిందులుగా బల్లకు కట్టారు. ఒకరు బొగ్గులు తెచ్చారు, ఒకరు కంకర ఏరారు. ఇసుక జల్లించే పని నీలవేణి తీసుకుంది. తల్లి అన్నానికి వెళ్ళిన సమయం చూసి గోడ మీంచి నన్ను అందుకుపోయింది. నాలుగు ఊపులు ఊపేసరికి పిల్లలు గుడ్లప్పగించారు.

"ఎక్కడ నేర్చుకున్నావే?"

"ఊరికే వచ్చు."

ఊరికే వచ్చట! తల్లి పక్కన కూర్చుని నేర్చిన విద్య! సరే, ఆ పిల్ల పుట్టినప్పటినుంచీ చూసిందే చేసింది. కింద పడిన మెత్తటిది టిన్నులో పోసింది, పైన మిగిలింది పారబోసింది. అది చెత్తే కదా అని నేనూ దర్జాగా ఊరుకున్నాను.

శుక్రవారం పెద్దవాళ్ళంతా వచ్చి చాపల మీద కూర్చున్నారు. టీచరు టిన్నులో చెరువు నీళ్ళు పోసింది. కంచంలో పోసినట్టు పైనే నిలిచిపోయాయి. చాలాసేపటికి కింద ఒక చుక్క పడింది, అదీ టీ రంగులో.

"ఇసుక జల్లించింది నీలవేణే టీచర్!" అన్నాడు ముందు వరసలో ఒక బడుద్ధాయి. నీలవేణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గోడ మీంచి చూస్తున్న పైడితల్లి ఇక ఉండబట్టలేకపోయింది. సిమెంటు చేతులతోనే నన్ను పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసింది.

"టీచరమ్మా, అది పూత ఇసకమ్మా. గోడకి బాగుంటాది, నీల్లకి అడ్డం పడిపోద్ది. పైన మిగిలిందే కావాల, అవతల బెడ్డులో ఏసేదీ అలాటిదే. అదీ కడగాల."

"మీరెవరమ్మా?" అంది టీచరు.

పైడితల్లి ఒక్క క్షణం కూతురి వంక చూసింది. "అవతల పన్జేత్తన్నానమ్మా" అంది. 

పారబోసిన గరుకు ఇసుకను నాలోకి ఎత్తించి, పిల్లల చేత రాళ్ళు ఏరించింది. బకెట్లో పోసి కడిగింది. మొదటి నీళ్ళు బురద, రెండో నీళ్ళు కలక. "అరసెయ్యి ముంచి తీత్తే మట్టి అంటకూడదు" అని ఐదుసార్లు కడిగింది. ఆ నీళ్ళు కూడా వృథా పోనివ్వలేదు, బడి గోంగూర మడికి పోయించింది. టిన్నులోని మెత్తటిది తీయించి, కడిగిన ఇసుక పోయించాక నీలవేణి వైపు తిరిగి, "ఆ మగ్గు అందుకో పాపా" అంది.

ఇంట్లో 'గుంటా' తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి, కన్నకూతుర్ని పరాయి పిల్లలా పాపా అని పిలిచింది. నాకు గుండె ఎక్కడిదంటారా? ఏమో, ఎక్కడో కలుక్కుమంది.

ఈసారి నీళ్ళు దిగాయి, తేటగా. అందరూ చప్పట్లు కొట్టారు. ఇందాకటి బడుద్ధాయి గ్లాసుతో పరిగెత్తుకొస్తే టీచరు ఆపింది. "తేటగా ఉన్నంత మాత్రాన తాగే నీళ్ళు అయిపోవు. క్రిములు కంటికి కనపడవు. బ్లీచింగ్ పడాల్సిందే" అంది. తర్వాత పైడితల్లితో, "అయ్యో, మీ పేరైనా అడగలేదమ్మా" అంది.

పైడితల్లి నోరు తెరిచేలోగా నీలవేణి మగ్గు కింద పెట్టింది.

"పైడితల్లి, టీచర్. మాయమ్మ." వెళ్ళి తల్లి పక్కన నిలబడింది. "నాకు జల్లెడ పట్టడం నేర్పింది మాయమ్మే."

ఎవరో నవ్వబోయి, టీచరు ముఖం చూసి ఊరుకున్నారు. "ఊరుకోయే గుంటా" అంటూ పైడితల్లి మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. చేతుల నిండా ఇసుక మరి.

వేసవికి పని పూర్తయింది. ఆ తల్లీకూతుళ్ళు ఇంకో ఊరు వెళ్ళిపోయారు. నా వల అప్పటికే చిరిగింది. పాత ఇనుములో పడాల్సిన దాన్ని టీచరు అడిగి తీసుకుని నాలుగో తరగతి గోడకు తగిలించింది. ఏటా కొత్త పిల్లలు టిన్ను కడతారు, నన్ను చూపించుకుని ఆ కథ చెప్పుకుంటారు. గరుకు ఇసుకను చెత్త అన్న నా పొగరు కొంత తగ్గింది. మొత్తం తగ్గిందని మాత్రం అబద్ధం చెప్పను.

నా కింద ఒక అట్టముక్క ఉంది. వెళ్ళే ముందురోజు నీలవేణి రాసి అంటించింది. "ఇసుక జల్లెడ. మాయమ్మ పైడితల్లిది."