ముందు ఎవరికి గుడ్

ఇంట్లోకి కుక్క వచ్చిన రోజునుంచీ కట్సుజికి కడుపుమంట పట్టుకుంది. అరవై దాటిన మనిషి, జీవితమంతా టటామి చాపలు కుట్టి పెద్దమనిషి అనిపించుకున్నవాడు, కుక్కతో పోటీ ఏమిటని ఎవరైనా నవ్వొచ్చు. నవ్వనివ్వండి. కీళ్లవాతంతో భార్య సుమియే వేళ్లు కొంకర్లు పోయినప్పటినుంచి, పన్నెండేళ్లుగా ఆమెకి చేతులు ఆయనే. మేజోళ్లు విప్పడం, ఫ్రిజ్ తలుపు తీయడం, కింద పడ్డదల్లా అందివ్వడం, అన్నీ ఆయన పనులే. ఇప్పుడవన్నీ సాయం చేసే కుక్కల శిక్షణ కేంద్రం వాళ్లిచ్చిన ఈ కినాకో చేస్తోంది. అదీ తోకాడిస్తూ.

పని పోతే పోయింది, ఆయన్ని మండించింది ఒక మాట. కినాకో ఏది అందించినా సుమియే దాని తల నిమిరి "గుడ్!" అంటుంది. ఇంటికో యాస అయితే కుక్క తికమక పడుతుందని దానికి మాటలన్నీ ఇంగ్లీషులోనే నేర్పారు. మరి ఆయనకి? ఇన్నేళ్లూ ఒకటే మాట: "ఏమీ అనుకోకండి." సాయం అందుకున్నవాళ్లు మా జపాన్‌లో అనే మర్యాద మాటే అది. కానీ పక్కనే గుడ్ వినబడుతుంటే ఆ మర్యాద ఆయనకి ముల్లులా గుచ్చుకుంది.

"దానికి అన్ని మెచ్చుకోళ్లా? నన్నొక్కసారైనా అన్నావా ఆ మాట?" అని ఒకరోజు అడిగేశాడు.

"కుక్కతో వంతులేమిటండీ, ఈ వయసులో!" అని సుమియే నవ్వేసింది.

దాంతో ఆయనకి పంతం పట్టుకుంది. చెంచా జారితే కుక్క లేచేలోపే తీసిచ్చేవాడు. తువ్వాలు పడితే గాల్లోనే అందుకునేవాడు. పాపం కినాకో సగం లేచి మళ్లీ కూలబడేది. మనుషులు చేసిపెడితే కుక్క పని మరిచిపోతుందనీ, వసంతంలో పరీక్ష తప్పితే వెనక్కి తీసుకుపోతామనీ ట్రైనరమ్మాయి ముందే చెప్పింది. ఆ సంగతి కట్సుజికి బాగా గుర్తుంది. గుర్తుంది కాబట్టే చేశాడు.

ఒక మధ్యాహ్నం ఉడోన్ నూడుల్స్ తింటుండగా సుమియే ఫోను బల్ల కిందికి జారింది. "టేక్" అంది. కినాకో కదల్లేదు. నువ్వు తీస్తావుగా అన్నట్టు కట్సుజి వైపు చూసింది. ఆయన ప్రాణం లేచొచ్చింది. అప్పటికే సగం వంగాడు.

"కూర్చోండి," అంది సుమియే. ఆ గొంతు ఆయనెప్పుడూ వినలేదు. "దీన్ని తీసుకుపోతే మీకు సంతోషమా?"

"నేను లేనా నీకు?"

"ఉన్నారు. ఏది పడినా, మిమ్మల్ని పిలవనా వద్దా అని ముందు నాలో నేను కొట్టుకునేదాన్ని. దాహమేసినా ఓర్చుకున్న రోజులున్నాయి. పొద్దస్తమానం మొగుడికి ఏమీ అనుకోకండి అని చెప్పుకుంటూ బతకడం ఎలా ఉంటుందో మీకేం తెలుసు? దీనికది చెప్పక్కర్లేదు. ఇది వచ్చాకే నేను మీతో హాయిగా పోట్లాడగలుగుతున్నా."

అడిగినప్పుడల్లా నీళ్లిచ్చానని కట్సుజి ఇన్నాళ్లూ గర్వపడ్డాడు. అడగని దాహం ఒకటుందని ఆయనకి తట్టనే లేదు. సిగ్గేసింది. మళ్లీ కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

"టేక్."

కినాకో మళ్లీ ఆయన్నే చూసింది. చేతులు దురద పెడుతున్నా ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. కుక్క కాసేపు తటపటాయించి బల్ల కిందికి దూరింది. ఫోను సుమియే ఒళ్లోకి వచ్చింది.

"గుడ్!"

కడుపులో మళ్లీ భగ్గుమంది. ఆగలేకపోయాడు. "అది దానికేనా?"

సుమియే వంకర వేళ్లతో ఆయన మోకాలు తట్టింది. "ముందు మీకే. ఊరికే కూర్చోవడం మీకెంత కష్టమో నాకు తెలీదూ?"

కట్సుజి వంగి కుక్క మొహంలోకి చూశాడు.

"విన్నావా? ముందు నాకేనట."

కినాకో తోకాడించింది. దానికి జపనీస్ ముక్క రాదు.