నిలవ చింత

మైకు మీట నొక్కే ముందు ఆయన గాజు కిటికీలోంచి చూశాడు. ప్లాట్‌ఫారం బల్ల మీద ఒక తల్లి, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన పిల్లను ఒడిలో వేసుకుని చీరకొంగుతో విసురుతోంది. ఆ పిల్ల వాడిన ముఖాన్నే ఇంకాసేపు చూశాడు. అప్పుడు నొక్కాడు.

“బండి ఆలస్యంగా నడుస్తున్నది. అసౌకర్యానికి చింతిస్తున్నాము.”

నిజంగానే చింతించాడు. స్టేషనులో ప్రకటనలు చదవడం ఆయన ఉద్యోగం, కవిత్వం రాయడం ఇంటిల్లిపాదికీ ఉపద్రవం. పట్టాల పక్కన బతికే ఈ పట్టా లేని కవికి ఒకటే పట్టుదల: మనసులో లేని మాట నోట్లో ఉండకూడదు. చింత పుట్టేదాకా మీట నొక్కడు. దాంతో ఆలస్యం ప్రకటన కూడా ఆలస్యమయ్యేది. కూలీలు ఆయన్ని బతికుండగానే ‘లేటు కవి’ అన్నారు.

ఆ రోజు స్టేషన్ మాస్టరు రికార్డింగు మిషను తెప్పించాడు.

“అంకెలూ, ఊళ్లూ, చింతా ఒక్కసారి చదివేయండి కవిగారూ. ఇక అదే చెప్పుకుంటుంది. మీ కుర్చీ మీకుంటుంది.”

“చింత కూడానా సారూ?”

“నిలవ చింతకి పులుపేం తగ్గదు లెండి.”

మధ్యాహ్నం అన్నం డబ్బా తెచ్చిన భార్యతో మొరపెట్టుకున్నాడు. “రేపటి బండికి ఇవాళెలా బాధపడతానే?”

ఆమె మూత తీస్తూ అంది. “అత్తయ్య పోయినప్పుడు ఏడుస్తూ కవిత రాశారు కదా. ఇప్పటికీ సభల్లో చదువుతారు. ప్రతిసారీ ఏడుస్తున్నారేంటి?”

ముద్ద నోటి దగ్గరే ఆగింది. పోయిన సభలో ఆ కవిత చదువుతూ, చెప్పులెక్కడ విడిచానా అని ఆలోచించాడు. చప్పట్లు మాత్రం బాగా పడ్డాయి. అయితే అది అబద్ధమా? మరి విన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారే, ఆ తడి ఎవరిది? అన్నం దిగింది గానీ ఆ ప్రశ్న మింగుడుపడలేదు.

సాయంత్రం మిషను ముందు అంకెలు చదివాడు, ఊళ్లు చదివాడు. చింత దగ్గర ఆగాడు.

“ఏ బండికి సారూ?”

“ఏ బండికైనా.”

“అది ఇంకా ఆలస్యం కాలేదు కదండీ.”

“ఒక్క ముక్క కవిగారూ. దీనికోసం కుర్చీ పోగొట్టుకుంటారా?”

ఆలోచించాడు. తనది నిజాయితీయో మొండితనమో తేలలేదు. తేలనిదాన్ని పైకి ఎలా చదవాలో అంతకన్నా తెలియలేదు.

“వెళ్లొస్తాను సారూ,” అని లేచాడు. ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి జనంలో కలిసిపోయాడు.

ఆ ముక్క మాస్టరే చదివి అతికించాడు. చీకటి పడకముందే ఒక బండి ఆలస్యమైంది. ఊరి పేరు ఒక గొంతులో, చింత మరో గొంతులో, క్షణమైనా జాప్యం లేకుండా వినిపించాయి. ఎవరూ తలెత్తలేదు.

మైకు పక్కన ఆయన సగం తాగి వదిలిన గ్లాసు ఉంది. బండి వచ్చి ఆగిపోయింది గానీ, గ్లాసులో నీళ్లు ఇంకా సన్నగా వణుకుతున్నాయి.