ఫోన్ల బుట్ట

గుడ్లు పొదిగించే ఆయన మిషన్లోకి సాతాను దూరాడని పాలావిడ చెప్పింది. పాలావిడకు దర్జీ భార్య చెప్పిందట. దర్జీ భార్య కళ్ళారా చూసినట్టే చెప్పింది గానీ, ఆ వేళకు ఆవిడ కూడా చర్చిలో మూడో వరసలో కూర్చుని కునుకు తీస్తోంది. "దేవుడి పనిమీద పోయినవాడి గుడ్లు దేవుడే ఉడకబెట్టాడమ్మా" అని కూడా అందట. ఆవిడ నోటికి తాళం వేసే మిషను ఇంకా రాలేదు.

జరిగింది ఇదీ.

ఆ ఎండాకాలం తెగులు తగిలి, సంఘంలో నలభై ఇళ్ళ కోళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. ఆడవాళ్ళు చుట్టాల ఇళ్ళకు తిరిగి, గుడ్డూ గుడ్డూ అడిగి ఎనిమిది వందలు పోగుచేశారు. అన్నీ పిల్లలైతే ఇంటికి ఇరవై. వాటిని తెచ్చి ఈయనకు అప్పగించారు. సంఘపెద్ద కదా, ఆయన చేతిలో పెడితే దేవుడి చేతిలో పెట్టినట్టేనని.

మిషను కొత్తది. గాజు తలుపు, లోపల ఫ్యాను. వేడి హద్దు దాటితే ఆయన ఫోను మోగుతుంది. పాత పెట్టె ఉన్న రోజుల్లో ఆ పని ఆయన అత్తగారిది. గుడ్డు తీసి మూసిన కనురెప్పకు ఆనించుకుని, "కాస్త ఎక్కువైంది" అనేది. తలుపు వారగా తీసేవారు. అంతటితో సరి. ఆదివారాలు కూడా ఆవిడ గుడ్ల దగ్గరే ఉండిపోయేది.

కొత్తది వచ్చాక అల్లుడు అందుకు ఒప్పుకోలేదు. "మిషను సంగతి అదే చూసుకుంటుంది అత్తయ్యా. మీరు మీ ఆత్మ సంగతి చూసుకోండి" అన్నాడు.

అల్లుడికి ఎదురు చెప్పలేక ఆవిడ కూతురి వైపు తిరిగింది. "నా ఆత్మ ఎక్కడికీ పోదులేవే. ఆ ఫ్యాను సంగతే చెప్పలేం."

చర్చి గుమ్మంలో ఫోన్ల బుట్ట పెట్టించింది కూడా ఆయనే. లోపలికి వచ్చేవాళ్ళు చెప్పులు బయట, ఫోన్లు బుట్టలో. ముందుగా తన ఫోను వేసి చూపించాడు. అడుగున పడ్డది అదే.

ఆ ఆదివారానికి గుడ్లకు పంతొమ్మిదో రోజు. ఆ వయసుకు లోపలి పిల్ల తన వేడి తానే పుట్టిస్తుంది. ఫ్యాను ఆగితే ఒకదాని వేడికి ఒకటి ఉడుకుతాయి. తలుపు తీస్తే చాలు, గాలాడుతుంది.

ప్రార్థనకు ఆయన లేచాడు. లేస్తే గంట, వెనకాల ఆయన్ని "గంటాయన" అంటారు. నలభై ఇళ్ళ కోసం, రాబోయే పిల్లల కోసం అడిగాడు. జనం "ఆమెన్" అన్నారు. ఆ ఆమెన్ ఆయన చెవికి తియ్యగా తగిలింది. ముగించాల్సిన చోట ముగించలేదు.

అప్పుడే బుట్టలో ఏదో ఫోను జుయ్యిమంది. ఆగింది. మళ్ళీ జుయ్యిమంది. ఆయన కళ్ళు మూసుకునే మొహం చిట్లించి, గొంతు పెంచాడు. "ప్రభువా, ఈ లోకపు చప్పుళ్ళు మా చెవిన పడనీయకు." ఈసారి ఆమెన్ ఇంకా గట్టిగా వచ్చింది. అత్తగారు కూడా అంది.

ఆరాధన అయ్యాక అందరూ ఫోన్లు తీసుకున్నారు. అడుగున ఒకటి మిగిలింది. దాని మీద ఏడు పిలుపులు. ఏడూ మిషను నుంచే. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. వెనకే భార్య, ఆ వెనక అత్తగారు.

తలుపు తీస్తే వేడి మొహాన కొట్టింది. వంద ఫారన్‌హీటు చూపించాల్సిన చోట నూట ఆరు. ఫ్యాను కదలడం లేదు. ఆయన దాన్ని వేలితో తిప్పాడు. తిరిగింది, ఆగిపోయింది.

అత్తగారు ఒక గుడ్డు తీసి కనురెప్పకు ఆనించుకుంది. కూతురి చేత గిన్నెతో గోరువెచ్చని నీళ్ళు తెప్పించింది. లోపల పిల్ల బతికుంటే నీళ్ళలో గుడ్డు ఊగుతుంది. ఒక్కొక్కటే వేశారు. పన్నెండు వేసినా ఒక్కటీ కదల్లేదు. పదమూడోది కదిలింది.

"అమ్మా, ఊగిందే" అంది కూతురు.

"నీ మోచేయి బల్లకు తగిలింది" అంది తల్లి.

ఆయన మాత్రం ఆ గుడ్డును గుడ్డలో చుట్టి మిషన్లోనే విడిగా పెట్టాడు. ఇక చేయడానికి ఏమీ లేదు. ఇరవై ఒకటో రోజు దాకా చూడాలి. రెండు రోజులు మిషను ముందే మోకాళ్ళ మీద ఉన్నాడు. నాలుగు మాటలు దాటి ప్రార్థన రాలేదు. మధ్యలో లేచి గాజుకు చెవి ఆనించేవాడు. బాగుచేసిన ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు.

మంగళవారం పాస్టరుగారు వచ్చారు. వెనకే ఆడవాళ్ళు, పిల్లల్ని పట్టుకెళ్దామని తెచ్చుకున్న ఖాళీ గంపలతో. గది నిండా మనుషులు; ఒక్క కిచకిచ లేదు. విడిగా పెట్టిన గుడ్డును ఆయన వాళ్ళ ముందే పగలగొట్టాడు. పిల్ల పూర్తిగా తయారై ఉంది. ఈకలతో సహా.

పాస్టరుగారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "బాధపడకయ్యా. మనిషి చేసిన యంత్రం, ఎప్పుడో ఒకప్పుడు తప్పుతుంది. తప్పనివాడు దేవుడొక్కడే."

ఆయన తల వంచుకునే ఊపాడు. ఔనన్నట్టే ఊపాడు. ఆడవాళ్ళు కూడా ఊపారు.

అత్తగారు పెంకులు ఏరుతున్నదల్లా తలెత్తింది.

"మిషను తప్పలేదయ్యగారూ. అది ఏడుసార్లు పిలిచింది. వినపడనీయొద్దని మనమే ఆమెన్ అన్నాం."