సింగమ్మ అడిగిన బిళ్ళ

నేను ఒక రంగుబిళ్ళల పెట్టెను. పైన రేకు, లోపల మఖమల్ గుడ్డ, దాని మీద వరుసగా అతికించిన గాజుబిళ్ళలు. సుద్దముక్క తెలుపుతో మొదలై గోధుమరంగులోకి, ఇటుకరంగులోకి, చివరికి కాటుకలోకి దిగిపోతాను. మనిషి ఒంటికి నన్ను ఆనించి, చర్మం ఏ బిళ్ళతో కలిస్తే ఆ బిళ్ళ అంకె వేసుకోవాలి. మనుషుల్ని జాతులుగా విడగొట్టడానికి ఇంతకన్నా సులువైన దారి లేదని నన్ను తయారు చేయించిన పెద్దమనిషి గట్టిగా నమ్మాడు.

నేను పుట్టింది జర్మనీలో ఒక గాజు కార్ఖానాలో. నన్ను పోసిన పనివాడి చేతులు కొలిమి సెగకు కందిపోయి ఉండేవి. పెట్టె పూర్తయ్యాక సరదాకి తన ముంజేతిని నా పక్కన పెట్టి చూసుకున్నాడు. ఏ బిళ్ళా కలవలేదు. నవ్వుకుని నన్ను పొట్లం కట్టేశాడు.

ఓడెక్కి మద్రాసులో దిగాను. నన్ను కొన్న దొర సెలవురోజుల్లో బెస్తపల్లెలకూ అగ్రహారాలకూ నన్ను మోసుకుపోయి, కనిపించిన ప్రతి చేతికీ ఆనించేవాడు. ఒక మే నెలలో తోచక తన చేతికే ఆనించుకున్నాడు. ఎండలకు కమిలిపోయిన దొరగారు, అంతకుముందు తను కొలిచిన ఒక పురోహితుడికన్నా కింది బిళ్ళలో తేలారు. నా వంక అనుమానంగా చూసి మూత వేశారు. ఆ అంకె మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

వెళ్ళిపోతూ నన్ను ఒక కళాశాలకు ఇచ్చిపోయాడు. దేశానికి స్వతంత్రం వచ్చింది, నాకు రాలేదు. మానవశాస్త్రం చెప్పే సోమయాజులు గారి చేతిలో పడ్డాను. నెమ్మదైన మనిషి, పనిలో నిక్కచ్చి. తోటి ఆచార్యుడొకాయన కొడుక్కి పెళ్ళిచూపులకు వెళ్తూ నన్ను ఎరువడిగితే ఆయన మొహం మాడ్చుకుని పంపేశారు. నేను వెళ్ళినా లాభం ఉండేది కాదు, చామనచాయ అనే మాటకు నాలో బిళ్ళ లేదు.

అసలు సంగతికి వస్తాను. గోదావరి లోయలో లాంచీ దిగి కొండెక్కితే వచ్చే ఒక కొండరెడ్ల పల్లెలో బుల్లెమ్మ అనే పిల్ల చదువుకుని, నర్సు శిక్షణలో గిరిజనుల సీటుకు దరఖాస్తు పెట్టుకుంది. పిల్ల ఎర్రగా ఉంటుంది, కోటేరులాంటి ముక్కు. దరఖాస్తు చూసిన అధికారికి అదే నేరంగా కనబడింది. ఇంత ఎర్రటి పిల్ల కొండజాతిది ఎలా అవుతుంది, శాస్త్రప్రకారం తేల్చండి అని సోమయాజులు గారికి రాశాడు. అలా ఆ పిల్ల బతుకు నా మీద పడింది.

లాంచీవాళ్ళ నోట ఈ కబురు తల్లి సింగమ్మ చెవిన పడింది. ఒంటిరంగు చూడటానికి పెద్దోళ్ళు వస్తున్నారట, నల్లగా ఉంటేనే సీటట. పట్నాల్లో తల్లులు ఆడపిల్లకు రంగు తేలాలని శనగపిండీ పసుపూ కలిపి నలుగు పెడతారు. సింగమ్మ బొగ్గు మెత్తగా నూరి, ఇప్పనూనెలో కలిపి, కూతురికి ఒళ్ళంతా పట్టించింది. పిల్ల వద్దని ఏడ్చినా వినలేదు. చెవుల వెనక కూడా మరిచిపోకుండా రాసింది.

నన్ను ఆనించే పద్ధతి ఆమెకు తెలియదు. ఎండ తగలని చోట, జబ్బ లోపలివైపు, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి మరీ ఆనించాలి. కొండెక్కి వచ్చిన సోమయాజులు గారు బుల్లెమ్మ జబ్బ తుడిచారు. దూది నల్లబడింది. ఇంకో దూది తీసుకున్నారు, అదీ నల్లబడింది. కింద నుంచి లేత గోధుమరంగు చర్మం బయటపడింది. బుల్లెమ్మ తల దించుకుంది. ఆయన మోసం అన్న మాట పైకి అనలేదు గానీ మొహం అదే చెప్పింది.

సింగమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"నేనే రాసేనండి బాబూ, పిల్లది తప్పేం లేదు. ఎర్రగా ఉంటే మావోళ్ళు కాదంటన్నారంట గదా. ఇది నా కడుపున పుట్టిందని ఆ బిళ్ళలు సెప్పవేమోనని బయమేసింది."

ఆయన వెంట వచ్చిన లెక్చరరు వసుంధర నన్ను అందుకుని సింగమ్మ చేతికీ, ఆమె అన్నకూ, పక్కింటి ముసలమ్మకూ ఆనించింది. ఒక్కొక్కరికి ఒక్కో బిళ్ళ. వీటిలో కొండరెడ్డి రంగు ఏదని అడిగింది. సగటు చూడాలన్నారు ఆయన. సగటు రంగున్న మనిషిని ఈ పల్లెలో చూపించమంది ఆమె. జాతికీ జాతికీ తేడాలు కళ్ళకు కనిపిస్తూనే ఉన్నాయి, కళ్ళు మూసుకోమంటావా అని ఆయన విసుక్కున్నారు.

"తేడాలు లేవనడం లేదు మాస్టారూ. ఇక్కడితో వీళ్ళు అయిపోయారు, ఇక్కడినుంచి వాళ్ళు అని గీత గీయడానికి చోటు లేదంటున్నాను."

ఆయన నన్ను సంచిలో పెట్టుకుని రేవుకు దిగారు. లాంచీ కోసం నిలబడి ఉండగా సింగమ్మ పరుగున వచ్చింది. తిడుతుందనుకున్నాను. ఆమె చేతులు జోడించింది.

"పెద్దదాని సంగతి అయిపోయింది బాబూ. ఇంటికాడ సిన్నది ఉంది. ఏ బిళ్ళ అయితే మావోళ్ళంటారో ఒక్కసారి సూపించండి. దానికైనా ఇప్పట్నుంచీ సూసుకుంటాను."

సోమయాజులు గారు నా మూత తెరిచారు. ఆయన వేలు నా మీద ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చింది, మళ్ళీ వెనక్కి వెళ్ళింది. ఏ బిళ్ళ మీదా ఆగలేదు. లాంచీ వచ్చి కూత పెట్టినా ఆయన కదలలేదు.

ఆ పిల్ల సింగమ్మ కూతురేనని ఊరంతా చెబుతోంది, దాన్ని కాదనే శక్తి ఈ పెట్టెకు లేదు అని ఆయన అధికారికి రాశారు. బిళ్ళ అంకె వేయలేదు గనుక నివేదిక చెల్లదని అధికారి తిప్పి పంపాడు. ఆయన మళ్ళీ అదే రాశారు. ఈలోగా గడువు దాటిపోయింది, సీటు ఇంకొకరికి వెళ్ళింది. ఆ తరవాత ఆయన నన్ను ఏ చేతికీ ఆనించలేదు.

ఇప్పుడు నేను మ్యూజియంలో ఉన్నాను. పిల్లలూ పెద్దలూ అద్దం మీద చేతులు ఆనించి, నేను ఇది, నువ్వు అది అని నవ్వుకుంటారు. బుల్లెమ్మ ఏమైందో నాకు తెలియదు, పెట్టెలకు ఎవరూ కబురు పంపరు. సిగ్గుగా ఉంటుంది నాకు. ఇన్ని రంగులు పెట్టుకుని కూడా, ఆ రోజు రేవులో ఆ తల్లికి చూపించడానికి నా దగ్గర ఒక్క బిళ్ళ లేకపోయింది.