పళ్ళ డాక్టరు పక్క గది

హెడ్మాస్టరు పోయిన వారమే బడిలో మానసిక ఆరోగ్యం మీద ముప్పావు గంట ఉపన్యాసం దంచాడు. "ఒంటికి జబ్బు చేసినట్టే మనసుకీ చేస్తుంది. దాచుకోకండి, సిగ్గుపడకండి" అని బల్ల గుద్ది మరీ చెప్పి, చప్పట్లు కొట్టించుకుని, ఫొటో దిగాడు. ఇవాళ అదే పెద్దమనిషి పెళ్ళాం దవడకు గుడ్డ చుట్టి, నడినెత్తిన ముడి వేసి, ఆసుపత్రికి నడిపించుకొచ్చాడు.

ఆమె పళ్ళు రాళ్ళలా ఉన్నాయి. లేనిది నిద్ర. పుట్టిన బిడ్డ దక్కక నాలుగు నెలలైంది. మొన్న మేడ మీద ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్ళి పిట్టగోడ ఎక్కి నిలబడింది. ఎందుకెక్కిందో ఆమెకే తెలియదు. దిగాక ఆ తెలియకపోవడానికే హడలిపోయి, "ఏమండీ, నన్ను మెంటల్ డాక్టరుకి చూపించండి" అని అడిగింది. ఆయన ముందు కిటికీ మూశాడు. ఆ తర్వాత ఆలోచించాడు. ఆ ఆలోచన ఫలితమే ఈ గుడ్డ.

ఆసుపత్రివాళ్ళ తెలివీ తక్కువదేం కాదు. మానసిక వైద్యుడు వచ్చేది నెలకొక్క పూట. ఆయనకంటూ గది లేక, పళ్ళ డాక్టరు పక్కన సామాన్ల గది ఖాళీ చేసి ఇచ్చారు. రెండు గదులకూ కలిపి ఒకటే బెంచీ. అందుకే నెలలో ఆ ఒక్క పూట బెంచీ నిండా దవడకట్లే.

"కాస్త వదులు చెయ్యండి, నొప్పిగా ఉంది" అంది ఆమె.

"నొప్పి ఉన్నట్టు కనబడాలి కదా!"

ఆమె వంతు వచ్చే వేళకి బడి కమిటీ ఛైర్మను ఊడిపడ్డాడు. ఆయన దవడకూ గుడ్డే.

"ఏంటి మాష్టారూ, ఇక్కడున్నారు?"

హెడ్మాస్టరు మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. "మా ఆవిడకి పన్నండీ. నాలుగు రోజులుగా ఒకటే గోల."

"అయ్యో చెల్లెమ్మా! నాదీ పన్నే. అయినా ముందు మీరే వెళ్ళండి, నేను ఆగుతాలే."

"అబ్బే, మీరే ముందు..."

"భలేవారే, ఆడమనిషి బాధపడుతుంటేనా!" అంటూ ఛైర్మను ఇద్దర్నీ పళ్ళ డాక్టరు గదిలోకి దాదాపు నెట్టేశాడు.

"ఏ పన్ను?" అన్నాడు పళ్ళ డాక్టరు.

ఆమె మొగుడి వైపు చూసింది. ఇప్పుడైనా చెప్తాడనుకుంది. ఆయన గుమ్మంలో ఉన్న ఛైర్మను వైపు చూసి, "కుడివైపు, కింద చివరిది" అన్నాడు.

"బాగానే ఉందే!"

"లోపల నొప్పండీ. తీసెయ్యండి."

బయట అంతమంది కాచుకుని ఉంటే వాదన ఎందుకని డాక్టరు సూది అందుకున్నాడు. వద్దనే ఓపిక ఆమెకు లేదు. ఆ ఓపిక లేకనే కదా ఆసుపత్రికి వచ్చింది.

నోట్లో దూదితో, దవడకు మళ్ళీ కట్టిన గుడ్డతో, కాగితంలో పన్నుతో బయటికొచ్చేసరికి బెంచీ మీద ఛైర్మను లేడు. పక్క గది తలుపు తెరుచుకుంది. మెడలోకి జారిన గుడ్డతో, చేతిలో మందుల చీటీతో ఆయన అందులోంచి వస్తున్నాడు. మగమహారాజులిద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"ఎండలు బాగా ముదిరాయి మాష్టారూ."

"అవునండీ, బాగా ముదిరాయి."

"మెంటల్ డాక్టరు గారు వెళ్ళిపోతున్నారు. ఇక వచ్చే నెలే" అని నర్సు కేకేసింది. హెడ్మాస్టరు గండం గడిచినట్టు ఊపిరి పీల్చుకుని, "పద, వచ్చే నెల వద్దాం" అంటూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

పిట్టగోడ రోజూ ఉంటుంది. నాలుగు నెలల్లో మొదటిసారి ఆమెకు ఏడుపు కాకుండా ఇంకేదో వచ్చింది. ఈ మనిషి మీద అసహ్యం వేసింది. చెయ్యి విదిలించుకుని పక్క గదిలోకి వెళ్ళింది.

సంచీ సర్దుకుంటున్న వైద్యుడు ఆమె దవడకట్టూ పెదవి మీది నెత్తురూ చూసి, "పళ్ళ డాక్టరు పక్క గదమ్మా" అన్నాడు.

ఆమె గుడ్డ విప్పింది. కాగితం పొట్లం ఆయన బల్ల మీద పెట్టింది.

"అక్కణ్ణుంచే వస్తున్నానండీ" అని కుర్చీ లాక్కుని కూర్చుంది.

వెనకాలే పరిగెత్తుకొచ్చిన హెడ్మాస్టరు గబగబా తలుపు మూయబోయాడు.

"మూయకండి" అంది ఆమె. మొద్దుబారిన నోటితోనే, బెంచీ ఆ చివరిదాకా వినబడేలా, పిట్టగోడ సంగతి చెప్పడం మొదలుపెట్టింది.